ఇరవై ఎనిమిది సెకండ్ల మౌనం ఎవరిది

మార్చి 4

మా తమ్ముడి కొడుక్కి మేనత్త చెప్పి రాయిస్తున్నది. నేను కులాసాగా లేను. నువ్వు కులాసాగా ఉన్నట్టయితే ఎట్లా ఉండగలుగుతున్నావో రాయి.

ఈ ఉత్తరం రాస్తున్నది మా మార్కెట్టు రెండో గేటు దగ్గర అర్జీలు రాసే ఆయన. చెప్పింది చెప్పినట్టు రాస్తాడని ఆయనకు పేరు. నాకు చదువు రాదు కాబట్టి ఆ పేరునే నమ్ముకున్నాను.

ఇక అసలు సంగతి. పోయిన నెల నువ్వు మీ సర్కారు టీవీ బండి వేసుకుని మా చేపల మార్కెట్టుకు వచ్చావు. మార్కెట్టును ఊరి బయటికి తరలిస్తామని ప్రభుత్వం అంటున్నది, కూడదని అవతలి పార్టీ అంటున్నది, మధ్యలో జనం ఏమంటారో పట్టుకుపోదామని వచ్చావు. నా ముందు మైకు పెట్టావు. నేను చెప్పాను. "ఊరి బయట చేపలు కొనేదెవరు, కొంగలా? మార్కెట్టును కదిలించాలంటే ముందు నన్ను కదిలించాలి. నేను తొంభై కిలోలు" అన్నాను. పద్నాలుగు సెకండ్లు వచ్చింది, బాగా వచ్చింది అత్తా అన్నావు.

ఆ తరవాత మైకు దించి, గొంతు తగ్గించి, "నాన్నతో ఇక మాట్లాడవా అత్తా?" అని అడిగావు. మా తమ్ముడితో నాకు పదకొండేళ్ళుగా మాటల్లేవని నీకు తెలుసు. మా అమ్మ పోయాక ఆమె చేపల కత్తి పట్టుకుపోయి తన సైకిలు షాపులో ట్యూబులు కోసుకున్నాడు. ఇదేం పనిరా అంటే, "పోయిన మనిషికి కత్తెందుకే" అన్నాడు. ఆ మాట దగ్గర మా మాటలు ఆగిపోయాయి. అందుకని నువ్వు అడిగినదానికి నేను నోరు మెదపలేదు. తల వంచుకుని చేప పొలుసు తీస్తూ కూర్చున్నాను. అది మన ఇంటి సంగతి. కెమెరా ఇంకా తిరుగుతున్నదని నాకు తెలియదు. నీకు తెలుసు.

మొన్న సాయంత్రం కాఫీ కొట్టు టీవీలో వార్తలొచ్చాయి. మార్కెట్టు మార్కెట్టంతా అక్కడే ఉంది. ముందు నా పద్నాలుగు సెకండ్లు వచ్చాయి. కింద "తరలింపుకు వ్యతిరేకం" అని రాసి ఉందట. అందరూ చప్పట్లు కొట్టారు. వెంటనే మళ్ళీ నేనే వచ్చాను. తల వంచుకుని పొలుసు తీస్తున్నాను. కింద "తరలింపుకు అనుకూలం" అని ఉందట. ఇరవై ఎనిమిది సెకండ్లు. కాఫీ కొట్టాయన గోడ గడియారం చూసి మరీ చెప్పాడు.

రొయ్యలమ్మే పిల్ల లేచి, "పెద్దమ్మా, ఒక నోటితో వద్దని ఇంకో నోటితో సరేనన్నావా?" అంది.

"నాకున్నది ఒక్క నోరే, అది రెండోసారి మూసే ఉంది కదే" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు.

ఒరే అబ్బాయ్, నలభై ఏళ్ళుగా ఈ మార్కెట్టులో నా త్రాసు తప్పదని, నా మాట తప్పదని పేరు. త్రాసు తప్పితే ముద్ర వేసి సరిచేసే ఆఫీసరున్నాడు. మాట తప్పిందంటే ఎవరి దగ్గరికి పోవాలి? ఆ మౌనం మార్కెట్టు గురించి కాదని మీ టీవీలోనే చెప్పు. నా మౌనం నాకు తిరిగి ఇప్పించు. నేనడిగేది అంతే.

అయినను తరలింపు వలన పారిశుధ్యము మెరుగుపడుననియు, బండ్ల రాకపోకలకు వీలగుననియు, క్రొత్త మార్కెట్టునందు వ్రాతపని చేయువారలకు నీడతో కూడిన బల్లలు ఏర్పాటగుననియు కూడ గమనింపదగును.

నీ మేనత్త ఎడమ బొటనవేలి ముద్ర. చేప వాసన వస్తే ముద్ర నాదే.


మార్చి 9

అత్తకు,

నీ ఉత్తరం అందింది. వాసన కూడా అందింది. నా పక్క బల్లవాడు కిటికీ తీశాడు.

నీ కోపం అర్థమైంది. టీవీలో నువ్వు కొంచెం లావుగా కనిపించిన మాట నిజమే. అది కెమెరా తప్పు, నీది కాదు.

నేను ఇక్కడ చేసే పని నీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. నా బల్ల మీద రెండు గడియారాలుంటాయి. వ్యతిరేకంగా ఎవరు మాట్లాడినా ఎర్రది నొక్కుతాను, అనుకూలంగా మాట్లాడితే పచ్చది. వార్తలయ్యేసరికి రెండూ సమానంగా ఉండాలి. చట్టసభ మా మీద ఒక పరిశీలన కమిటీ వేసింది. ఈ పార్టీవాళ్ళు నలుగురు, ఆ పార్టీవాళ్ళు నలుగురు. వాళ్ళకూ రెండేసి గడియారాలున్నాయి. ఒక్క సెకను తేడా వచ్చినా నోటీసు వస్తుంది. పోయిన నెల ఒక మంత్రిగారు తుమ్మితే ఆ తుమ్మును ఏ వైపు వేయాలో తేల్చడానికి మూడు రోజులు కూర్చున్నారు.

మీ మార్కెట్టులో తరలింపు మంచిదే అనే మనిషి ఒక్కడూ దొరకలేదు అత్తా. ఒక్క అర్జీలాయన అనుకూలమట, ఆ రోజు ఆయన సెలవట. తిరిగొచ్చి చూస్తే ఎర్ర గడియారంలో పద్నాలుగు, పచ్చదాంట్లో సున్నా. మా సంపాదకుడు నియమాల పుస్తకమంతా తిరగేశాడు. మౌనం అర్ధాంగీకారం అని అందులో ఉంది. అర్ధం కాబట్టి సెకను మౌనానికి అర సెకను అంగీకారం. పద్నాలుగు సెకండ్ల అంగీకారానికి ఇరవై ఎనిమిది సెకండ్ల మౌనం కావాలి. వెతికితే నీ దగ్గర సరిగ్గా ఇరవై ఎనిమిది ఉంది. ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను వద్దనాల్సింది. అనలేదు.

సవరణ వేయమన్నావు. వేయవచ్చు. పది సెకండ్లు పడుతుంది. దానికి ఎదురుగా సవరణ అక్కర్లేదని పది సెకండ్లు ఎవరైనా చెప్పాలి. అట్లాంటి మనిషి కోసం చూస్తున్నాం. ఈలోగా నీ మనసు కుదుటపడుతుందని నిన్నటి వార్తల్లో "నేను తొంభై కిలోలు" అన్న ముక్క ఇంకోసారి వేయించాను. మూడు సెకండ్లు. దాని తూకానికి నీ మౌనం ఇంకో ఆరు వేయక తప్పలేదు.

ఉత్తరం చివర తరలింపు వల్ల లాభాలు కూడా చెప్పావు. చాలా సంతోషం వేసింది. ఆ పేరా సంపాదకుడికి చూపించాను. ఆయన ఫైలులో పెట్టుకున్నాడు.

ఈ గొడవ సద్దుమణిగేదాకా నువ్వు ఏమీ మాట్లాడకుండా ఉండడం మంచిది.

నీ మేనల్లుడు


మార్చి 13

ఒరే తూకాలోడా,

నీ ఉత్తరం అర్జీలాయన చదివి వినిపించాడు. చదువుతూ చదువుతూ ఒకచోట దగ్గాడు. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ దగ్గాడు. మూడోసారికి బయటపడింది.

"ఏమయ్యా, నేను చెప్పని మాట నా ఉత్తరంలోకి ఎట్లా వచ్చింది?"

"అమ్మా, అంతా ఒక పక్షమే ఉంది. ఉత్తరం పోయేది సర్కారు టీవీ ఆఫీసుకి. రేపు ఆ కమిటీ నన్ను పిలిస్తే?"

"నిన్నెవరు పిలుస్తారయ్యా. నువ్వు రాసిన అర్జీలకే ఇంతవరకు జవాబు రాలేదు."

ఆయన చిన్నబుచ్చుకుని కలం మూత పెట్టేశాడు. ఇంకొకరి చేత రాయిద్దామంటే మార్కెట్టులో నాతో మాట్లాడేవాళ్ళు ఎవరు మిగిలారు? చివరికి ఒప్పందానికి వచ్చాం. ఆయన మాట ఆయనదిగా, ముద్ర కింద, ఒక్క పంక్తి. నా మాటల్లో కలపకూడదు. ఆ ఫైలులో పెట్టిన పేరా చించి పారెయ్యమని మీ సంపాదకుడికి చెప్పు. దానికి వాసన ఉండదు, చూసుకోమను.

నేను లావుగా కనిపించానని నీతో ఎవరన్నారు? నేను లావే. నా బాధ అది కాదు.

మూడు సెకండ్లు వేసి సంతోషపెట్టావే, దాని ఫలితం విను. ఇక్కడ చేపలమ్మేవాళ్ళం పన్నెండుమందిమి రోజూ పొద్దున్నే పెద్ద ఐసు దిమ్మలు తెప్పించుకుని సమానంగా పగలగొట్టుకుంటాం. నువ్వు మొదటిసారి వేసినప్పుడు గొణిగారే గాని ఐసు ఇచ్చారు. ఆ ఆరు సెకండ్లు వచ్చిన మర్నాడు రొయ్యల పిల్ల నా వాటా తీసి, రెండు ముక్కలు చేసి, ఒక ముక్క వెనక్కి పెట్టుకుంది.

"ఇదేమిటే?"

"సగం ఒప్పుకున్న మనిషికి సగం ఐసు, పెద్దమ్మా. మేం పెట్టిన రూలు కాదు, టీవీవాళ్ళదే. మూడు సెకండ్ల మాటకు ఆరు సెకండ్ల మౌనం తూచారుగా."

మధ్యాహ్నానికి నా చేపల కళ్ళు తెల్లబడుతున్నాయి. నా దగ్గర మెత్తబడ్డ చేప ఇంతవరకు ఎవరూ చూడలేదు. నిన్న చూశారు.

మాట్లాడకుండా ఉండమని రాశావు. నీకు బుర్ర ఉందా? నేను ఎంత ఊరుకుంటే అంత ఒప్పుకున్నట్టని నీ పుస్తకమే చెబుతున్నది. మొన్నటినుంచి నేను నోరు మూయడం లేదు. పొలుసు తీస్తూ వద్దు వద్దు అంటున్నాను. తూకం వేస్తూ వద్దు వద్దు అంటున్నాను. కొనడానికి వచ్చినవాళ్ళు చేప అమ్మనంటున్నాననుకుని పక్క బల్లకి పోతున్నారు. నిద్రలో ఎట్లా అనేది తెలియక అర్జీలాయన చేత ఒక అట్ట మీద "వద్దు" అని రాయించి మంచానికి కట్టుకున్నాను.

ఆ మౌనం మార్కెట్టుది కాదని నీకు తెలుసు, నాకు తెలుసు. తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేను చెబితే ఎవరూ నమ్మడం లేదు. నువ్వు చెప్పు.

బొటనవేలి ముద్ర. ఈసారి గట్టిగా వేశాను.

(రాసినవాని మాట: క్రొత్త మార్కెట్టునందు ఐసు మిషను కూడ పెట్టుదురు.)


మార్చి 18

అత్తకు,

ఈ ఉత్తరం కొండ మీద వాతావరణ కేంద్రం నుంచి రాస్తున్నాను. నీ మౌనం మీద గొడవ లేవగానే నన్ను ఇక్కడికి బదిలీ చేశారు. ఇక్కడ పక్షాలు ఉండవన్నారు. వచ్చిన మొదటి రోజే వాన పడవచ్చని చెబితే, ఎండకు సమానంగా అవకాశం ఇవ్వలేదని నోటీసు వచ్చింది. ఇప్పుడు వానకు పది సెకండ్లు, ఎండకు పది సెకండ్లు చెబుతున్నాను. జనం గొడుగు సగం తెరిచి తిరుగుతున్నారని విన్నాను.

నీ మౌనం కమిటీకి పోయింది. ప్రభుత్వ పక్షంవాళ్ళు అది పూర్తి అంగీకారమే అంటున్నారు. చేపను అంత శ్రద్ధగా శుభ్రం చేసే మనిషి మనసులో అసంతృప్తి ఉండదట. సగమే లెక్కవేసి మేము వాళ్ళకు అన్యాయం చేశామట. అవతలి పక్షంవాళ్ళు అది నిరసన అంటున్నారు. కనుబొమలు చదివే నిపుణుణ్ణి తెచ్చారు. నీ ఎడమ కనుబొమ వ్యతిరేకమని తేల్చాడు. వెంటనే ఇవతలివాళ్ళు ఇంకో నిపుణుణ్ణి తెచ్చారు. ఆయన కుడి కనుబొమ తీసుకున్నాడు. తరవాత వేసిన ఆరు సెకండ్లు పాత మౌనమా, కొత్త మౌనమా అనేదాని మీద ఒక ఉపసంఘం వేశారు.

ఇరవై ఏడో తేదీన విచారణ. నిన్ను సాక్షిగా పిలుస్తున్నారు. టికెట్టు వాళ్ళే పంపుతారు.

అత్తా, ఒక్క మనవి. నేను ఆ రోజు నాన్న గురించి అడిగిన సంగతి అక్కడ చెప్పకు. కెమెరా తిరుగుతుండగా డ్యూటీలో ఉన్నవాడు సొంత విషయాలు మాట్లాడితే ఉద్యోగం పోతుంది. అది నియమం. నేను చెప్పలేకపోవడానికి కారణం అదే. ఏం ఆలోచిస్తున్నావని అడిగితే చేప గురించి అని చెప్పు. రెండు పక్షాలకూ సరిపోతుంది.

నాన్నకు ఈ గొడవ ఏదీ తెలియదు. నేను ఒక్క ముక్క కూడా రాయలేదు. నీకు భయం వద్దు.

నీ మేనల్లుడు


మార్చి 21

అబ్బాయ్,

ఇది చిన్న ఉత్తరం. అర్జీలాయన కలంలో సిరా తక్కువుంది, నాకు ఓపిక తక్కువుంది.

ఇవాళ నాకు సగం ఐసు కూడా ఇవ్వలేదు. కమిటీ నన్ను పిలిచిందని తెలిసి, అక్కడికి పోయి మిగతా సగం కూడా ఒప్పుకుని వస్తాననుకుంటున్నారు. రొయ్యల పిల్లను పురిట్లో పట్టుకున్నది ఈ చేతులే. ఆ పిల్ల ఇప్పుడు నా కళ్ళలోకి చూడదు.

చేప గురించి ఆలోచించానని చెప్పమన్నావు. నలభై ఏళ్ళలో చేప గురించి నేను ఆలోచించలేదురా. చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. అబద్ధం ఆడి నా మాట నిలబెట్టుకోమంటే, ఇక నిలబడేదేమిటి?

కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని నాకూ తెలుసు. పదిమందిలో తమ్ముడి సంగతి ఎత్తడం నాకు సరదా కాదు. నీ ఉద్యోగం పోవడం అంతకన్నా కాదు. రెండు రోజులుగా అటూ ఇటూ తూచాను. చివరికి ఇది. నిజమే చెబుతాను. నీ పేరు ఎత్తను. పేరు అడిగితే ఇంటివాడంటాను. అంతకంటే తొంగిచూస్తే, వాళ్ళ గడియారాలు రెండూ అయిపోయేదాకా తిడతాను.

తిట్టుకోవాలంటే నన్ను తిట్టుకో.

ముద్ర.

(రాసినవాని మాట: ఈ విషయమున నాకు వేరు అభిప్రాయము లేదు.)


మార్చి 29

అబ్బాయ్,

వెళ్ళాను, వచ్చాను. అర్జీలాయన ఊళ్ళో లేడు. ఎందుకు లేడో తరవాత చెబుతాను. ఈ ఉత్తరం రాసే మనిషి వేరు. నేను వేగంగా చెబితే ఇతని చెయ్యి అందుకోదు.

అది పొడుగాటి గది. పొడుగాటి బల్ల. అటు నలుగురు, ఇటు నలుగురు, మధ్యలో అధ్యక్షుడు. ఆయన అటొకసారి ఇటొకసారి చూడాలి, ఒక వైపు ఎక్కువ చూస్తే రాసుకుంటారు. పాపం మెడ పట్టేసి గుడ్డ చుట్టుకున్నాడు. పక్కనే గుమాస్తా, ఎర్ర గడియారం, పచ్చ గడియారం.

ముందు నన్ను గోడ మీద వేశారు. అంత పెద్ద తలకాయ నాకుందని నాకే తెలియదు.

"ఇదిగో, ఇక్కడ ఆపండి" అన్నాడు ఇవతలి సభ్యుడొకడు. "చేప తోక దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పెదవి విచ్చుకుంది. అది సంతృప్తి."

"పొలుసు ఎగిరి పెదవి మీద పడింది బాబూ. ఊదుకున్నాను" అన్నాను.

"ఊదడం నిరసనే కదండీ" అన్నాడు అవతలివాడు.

"మీ ఇంట్లో పొలుసు మీద పడితే ఏం చేస్తారు, తీర్మానం చేస్తారా?"

అధ్యక్షుడు గంట కొట్టి, "అమ్మా, ఆ సమయంలో మీరు తరలింపు గురించి ఆలోచిస్తున్నారా, లేదా?" అని అడిగాడు.

"లేదు."

"మరి దేని గురించి?"

నీ ముఖం కళ్ళ ముందుకు వచ్చింది. అయినా చెప్పాను. "మా తమ్ముడి గురించి. వాడితో మాట్లాడవా అని మా ఇంటివాడొకడు అడిగాడు. నేను జవాబివ్వలేదు. అది మీ మౌనం కాదు, మా ఇంటి మౌనం."

ఎనిమిదిమందీ కాగితాలు తిరగేశారు. చివరికి ఒకాయన, "మీ తమ్ముడు తరలింపుకు అనుకూలమా, వ్యతిరేకమా?" అన్నాడు.

"వాడు నాకు వ్యతిరేకం."

గుమాస్తా ఏ గడియారం నొక్కాలో తెలియక చేతులు రెండూ పైకెత్తాడు. అధ్యక్షుడు నియమాల పుస్తకం తీయించాడు. మౌనం ఎవరిని ఉద్దేశించినదో ఆ మనిషి వచ్చి అది తనదేనని ఒప్పుకోవాలట. లేకపోతే అది పబ్లిక్కు మౌనమే అవుతుందట. ఒప్పుకోవడానికి ఆ మనిషికి కూడా ఇరవై ఎనిమిది సెకండ్లు ఇవ్వాలట, తూకం కోసం.

"వాడు రాడు" అన్నాను. "పదకొండేళ్ళుగా రాలేదు."

"వచ్చి వరండాలో కూర్చున్నారండీ" అన్నాడు బంట్రోతు.

ఒక్క ముక్క కూడా రాయలేదన్నావు నువ్వు. మీ నాన్న చొక్కా జేబులోంచి నీ కవరు సగం బయటికి కనిపిస్తూనే ఉంది. ఉద్యోగం పోతుందని తెలిసే రాశావు కదూ. దాని గురించి నీతో విడిగా మాట్లాడాలి. కోపంగా కాదు.

మీ నాన్న సైకిలు షాపు నుంచి అట్లాగే వచ్చినట్టున్నాడు. గోళ్ళలో నలుపు పోలేదు. జుట్టు అంతా నెరిసింది. నాకు ఎవరూ చెప్పలేదు. మైకు ముందు నిలబెట్టారు. గుమాస్తా గడియారం నొక్కాడు. వాడు నా వైపు చూడలేదు. అధ్యక్షుడి మెడగుడ్డ వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ ప్రశ్న నేను అడిగించిందే. పిల్లవాడి తప్పేం లేదు. ఆ మౌనం నాకు రావలసిందే. ఇంకెవరికీ అందులో వాటా లేదు."

అంతే. తొమ్మిది సెకండ్లు. అడిగించింది వాడని నాకు అక్కడే తెలిసింది. నువ్వే అడిగావనుకున్నాను ఇన్నాళ్ళూ. నువ్వైనా చెప్పి చావచ్చు కదరా.

ఇంకా పంతొమ్మిది సెకండ్లు మిగిలాయి. నియమం ప్రకారం అవి అయిపోయేదాకా ఎవరూ మాట్లాడకూడదు, లేవకూడదు. గడియారం తిరుగుతున్నది. అప్పుడు చూశాడు నా వైపు. నేనూ చూశాను.

ఇక్కడిదాకా రాసి మీ నాన్న కలం కింద పెట్టేశాడు. కళ్ళజోడు తుడుచుకుని వస్తానని బయటికి పోయాడు. గదమాయిస్తే ఇప్పుడు వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

తక్కిన సంగతులు తొందరగా చెబుతాను. నా మౌనాన్ని మార్కెట్టు లెక్కలోంచి కొట్టేశారు. కుటుంబ వ్యవహారం అని రాసుకున్నారు. ఆ కాగితం కాఫీ కొట్టు గోడకు అంటించారు. నిన్న పొద్దున రొయ్యల పిల్ల నా వాటా ఐసు పూర్తిగా తెచ్చి, నోరెత్తకుండా బుట్టలో సర్దిపోయింది. తప్పయిందని అంటుందేమోనని చూశాను. అనలేదు. ఫరవాలేదు, ఐసు గట్టిగా ఉంది. నీ పేరు ఎవరూ అడగలేదు. కొండ మీద ఇంకొన్నాళ్ళు ఉండు, చలికి చెవులు కప్పుకో. నా మౌనం తీసేసరికి పచ్చ గడియారంలో పదిహేడు సెకండ్లు బాకీ పడింది. అది పూడ్చడానికి అర్జీలాయన్ను పిలిపించుకున్నారు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని, పదిహేడు సెకండ్లకు నలభై పేజీలు రాసుకుని పోయాడు. మార్కెట్టు సంగతి ఇంకా తేలలేదు. దాని మీద నేను వద్దనడం మానలేదు, మాననూ మానను. మంచానికున్న అట్ట మాత్రం విప్పేశాను.

కమిటీ నుంచి ఇవాళ ఒక కాగితం వచ్చింది. ఆ పంతొమ్మిది సెకండ్లలో ఎవరూ మాట్లాడలేదు కాబట్టి అది ఏ గడియారంలో వేయాలో సాక్షులిద్దరూ ఏకాభిప్రాయంతో తెలపాలట. లేకపోతే ఇంకో కమిటీ వేస్తారట. మీ నాన్న చదివి వినిపించి ఏం రాయమంటావు అక్కా అని అడిగాడు.

ఏమీ రాయవద్దన్నాను. నువ్వు కూడా అక్కడినుంచి ఏదీ రాయకు, ఎవరినీ అడగకు. ఏ గడియారంలోనూ వేయడానికి వీల్లేదు. ఆ పంతొమ్మిది సెకండ్లు మావి.

మేనత్త ముద్ర ఒక మూల, మీ నాన్న సంతకం ఒక మూల. కాగితం మీద చోటు వాడే కొలిచాడు.